రిమోట్ అమ్మది, ఫోను కొడుకుది, నాకు మిగిలింది కుక్కర్ కూత

వైండింగ్ నాన్న (రాయగడ) · శనివారం రాత్రి 10:48

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు వైండింగ్ చేసే చిన్న షాపు నాది. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే దించేది రాత్రి తొమ్మిదికే. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ, ఎనిమిదో తరగతి కొడుకు, రెండో తరగతి కూతురు.

నిన్న రాత్రి ఇంట్లో అడుగు పెట్టేసరికి సీను ఇది. హాల్లో అమ్మ సీరియల్. అత్తగారు పాయసంలో ఏదో కలుపుతోంది, ఆవిడ మొహాన్ని ముందోసారి, పక్కనుంచోసారి, మళ్ళీ ముందోసారి చూపిస్తున్నారు. మెట్ల కింద మావాడు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని "వెనకున్నాడ్రా, వెనకున్నాడు, కవర్ ఇయ్యి!" అని అరుపు. నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. మా చిట్టిది వాళ్ళమ్మ ఫోన్లో ఎవరో బొమ్మల డబ్బాలు విప్పుతుంటే చూస్తోంది. దాని బొమ్మలేమో మంచం కింద. వంటింట్లో కుక్కర్ కూస్తోంది, ఎన్ని కూతలైందో లెక్కపెట్టే నాథుడు లేడు. "అన్నం అయిందా?" అన్నాను. నలుగురిలో ఒక్కరూ పలకలేదు.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. టీవీ మంచిదని అనను. కానీ టీవీ చెడగొట్టినా అందర్నీ ఒకేచోట కూర్చోబెట్టి చెడగొడుతుంది. ఈ ఫోను ఆటలు ఒక్కొక్కణ్ణీ మూలకి లాక్కెళ్ళి చెడగొడుతున్నాయి.

ఇంకోటి. పోయిన నెల మావాడు వాళ్ళమ్మ ఫోన్లోంచి 1,860 రూపాయలు కట్టాడు. దేనికయ్యా అంటే ఆటలో తుపాకీకి రంగట. పేలేది అదే గుండు, రంగు మాత్రం కొత్తది. ఆట పేరు ఎందుకులెండి. 1,860 అంటే నాకు రెండు మోటార్లు విప్పి, మాడిన తీగ పీకి, కొత్తది చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టిన కూలి. పిన్ను ఎలా తెలిసిందిరా అంటే "నా పుట్టిన సంవత్సరమే కదా నాన్నా" అన్నాడు. కోపం వాడి మీద తెచ్చుకోవాలో, పిన్ను పెట్టినావిడ మీద తెచ్చుకోవాలో తెలీలేదు.

మీ ఇళ్ళలో ఏం చేస్తున్నారు? ఉపన్యాసాలు వద్దు, చేసినవి చెప్పండి.

బరంపురం అప్ప · శనివారం రాత్రి 11:15

టీవీ అందర్నీ ఒకచోట కూర్చోబెడుతుందన్నారు. మీ ఆవిడ ఎక్కడుందో రాయనేలేదు కదండీ, ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టింది? కుక్కర్ కూతలు లెక్కపెట్టే నాథుడు లేడంటున్నారు, మీరున్నారుగా.

సరే, చేసినవి చెప్పమన్నారు కాబట్టి చెప్తాను. ముందు ఆ పిన్ను మార్చండి. తర్వాత ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిల్లలు తెలీక కొన్నారనుకోండి, 48 గంటల్లోపు గూగుల్‌కి రీఫండ్ పెట్టుకోవచ్చు. మీరు నెల దాటించేశారు, ఆ రంగు ఇక మీదేనేమో. ఫ్యామిలీ లింక్ అని ఒక యాప్ ఉంది. పిల్లాడి ఫోన్ రాత్రి ఎన్నింటికి మూతపడాలో మన ఫోన్ నుంచే పెట్టొచ్చు. మా ఇంట్లో తొమ్మిదిన్నర. మొదటి వారం ఏడ్చారు, రెండో వారం అలిగారు, మూడో వారం అలవాటు పడ్డారు.

ఆడుకోవడమే తప్పన్నట్టు మాత్రం మాట్లాడకండి. జూన్ నడిమధ్యలో రజో వచ్చిందంటే మా వీధిలో మూడు రోజులూ ఉయ్యాలలు, పేకలు, లూడో. ఆడవాళ్ళు పొయ్యి ముట్టుకోకుండా కూర్చుని ఆడే పండగ. అదయ్యాక పెద్దవాళ్ళు పిల్లాడి దగ్గరకొచ్చి "ఎప్పుడూ ఆటలేనా" అంటారు.

గుణుపురం గుంటడు · శనివారం రాత్రి 11:52

అంకుల్, నాను మీ అబ్బాయి పార్టీ. ముందే సెప్పేస్తన్నాను.

మీకు తెలవాల్సింది ఒకటే. మా ఆట మధ్యలో ఆపడానికి అవదు. సీరియల్ మధ్యలో లెగిస్తే రేపు మొదట్లో నిన్నటిది సూపిస్తారు. మా ఆటలో మధ్యలో లెగిస్తే మిగతా ముగ్గురూ సచ్చిపోతారు, ర్యాంకు పోతాది, తిట్లు పడతాయి. "రెండు నిమిషాలు" అన్నామంటే అబద్ధం కాదు, "మ్యాచ్ అయ్యేదాకా" అని దానర్థం. ఒక్కో మ్యాచ్ పాతిక, ముప్పై నిమిషాలు పట్టొచ్చు. అందుకని అన్నానికి మ్యాచ్ మొదలవకముందే పిలవండి. మా అమ్మ ఇప్పుడు "ల్యాండ్ అయ్యావా, ఇంకా లాబీలోనే ఉన్నావా?" అని అడుగుద్ది. లాబీ, అంటే ఆట ఇంకా మొదలవలేదంటే, పళ్ళెం పెట్టేద్ది.

ప్రభుత్వం ఆపీలేదా అంటారేమో, మా తుపాకీ ఆటల్ని ఆపింది. పబ్‌జీని 2020 సెప్టెంబరు 2న ఆపేసారు. 2021 జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో మళ్ళీ తీసేసారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో తీసారు, దాని మాక్స్ అన్నది మాత్రం ఉండిపోయింది. బీజీఎంఐలో పద్దెనిమిది లోపోళ్ళకి రోజుకి 3 గంటలే అని రూలు ఉంది. కానీ వయసు ఏసుకునేది ఎవురు? మనమే. నాను పదిహేనేళ్ళప్పుడే పాతికేళ్ళోణ్ణి.

పర్లాకిమిడి పాతమనిషి · ఆదివారం ఉదయం 6:20

నాకు డెబ్బై ఒకటి. ఆటల సంగతి నాకు తెలియదు, టీవీ సంగతి కొంచెం తెలుసు.

మా వీధికి మొదట వచ్చిన టీవీకి చెక్క తలుపులుండేవి. చూడటం అయ్యాక తలుపులు మూసి, తాళం వేసి, మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేవారు. 1987 జనవరి 25న రామాయణం మొదలైంది, ఆదివారం పొద్దున. చెప్పులు బయట విడిచి, స్నానాలు చేసి వచ్చేవారు జనం. మేడ మీద యాంటెన్నా దగ్గర ఒక కుర్రాడు, కింద కిటికీ దగ్గర ఇంకొకడు. "వచ్చిందా?" "మొహం వచ్చింది, ఒళ్ళు రాలేదు!" "ఇప్పుడు?" "ఇద్దరు రాములొచ్చారు!"

తెలుగు కోసం మాత్రం ముఖం వాచేది. ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి ప్రాంతీయ భాషా చిత్రం వేసేవారు. అన్ని భాషలదీ వరస. తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి ఎదురు చూడటం, తీరా వచ్చిన రోజున కరెంటు పోవడం. మా అమ్మ ఆ రోజు విద్యుత్ శాఖను తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను, అవి మంచి తెలుగు.

1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలోకి వచ్చింది. బడిలో ఒడియా, ఆఫీసులో ఒడియా. నాకు దాని మీద కోపం లేదు, నేను ముప్పై రెండేళ్ళు ఒడియాలోనే ఫైళ్ళు రాశాను. కానీ ఇంట్లో తెలుగు మిగలాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడాలి కదా. 1995లో ఈటీవీ వచ్చాక ఆ పని టీవీ చేసిందనే నా నమ్మకం. కాబట్టి వైండింగ్ బాబూ, మీ అమ్మగారి సీరియల్ జోలికి వెళ్ళకు.

కేబుల్ బావ (జయపురం) · ఆదివారం ఉదయం 8:05

పాతమనిషి గారికి దండం. ఇరవై ఏళ్ళుగా ఈ లైన్లో ఉన్నాను, సీరియల్ టైములో సిగ్నల్ పోతే ముందు మోగేది మామ్మల ఫోన్లే. ఒకావిడ స్తంభం దాకా నడిచొచ్చి "నువ్వు ఎక్కుతావా, నేనెక్కనా" అంది.

తెలుగు ఛానళ్ళు ఎందుకు రావట్లేదని చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చింది. అప్పట్లో మొదటి వంద ఛానళ్ళకి 130, పన్నుతో 153 చిల్లర. పే ఛానళ్ళకి విడిగా కట్టాలి. ఒడిశాలో కట్టే ప్యాకుల్లో ఒడియా, హిందీ ముందుంటాయి. తెలుగు కావాలంటే అడిగి వేయించుకోవాలి. అడగనివాళ్ళ ఇంట్లో తెలుగు అప్పుడే ఆగింది. సీతమ్మకి హనుమంతుడు దొరికినట్టు మీకు ఆపరేటర్ దొరకడు, మీరే వెతుక్కోవాలి.

(వైండింగ్ అన్నా, వేరే విషయం. మా మిక్సీ తిరుగుతుంటే కాలిన వాసన వస్తోంది. ఏమై ఉంటుంది?)

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ) · ఆదివారం మధ్యాహ్నం 1:40

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. ఏరు దాటితే కాళేశ్వరం. మా కత కూడ మీ అసొంటిదే, ఒడియా తీసి మరాఠీ పెట్టుకోండ్రి. పోరగాండ్లు బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, గేమ్‌ల హిందీ. మా చిన్నోడు నిద్రల "పీఛే హై పీఛే హై" అంటడు. మా ఆమె దయ్యం పట్టిందనుకున్నది.

తుపాకి రంగుకు 1,860 పోయినయని బాధ పడుతున్నరు. మా బామ్మర్ది సంగతి ఇనుండ్రి. వానికి ముప్పై నాలుగేండ్లు. పత్తి అమ్మిన పైసలు ఫోన్ల రమ్మీ ఆడి పోగొట్టిండు. మొదలు ఇర్వై రూపాయలు పెట్టిండు, నూటయాభై వచ్చినయ్. గంతే, ఆ నూటయాభై వాన్ని ముంచింది. ఎవ్వలకు చెప్పలె, ఎరువుల దుకాణపాయన అప్పు అడగొచ్చినంక తెలిసింది. గా కంపెనీ పేరు నేను చెప్ప. అసలు మనం పిలగాండ్ల మీద ఒర్రుతున్నం గని ఇండ్లల్ల మునిగేది పెద్దోళ్ళే.

2025 ఆగస్టుల పార్లమెంటు చట్టం జేసింది. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్. నడిపించినోనికి మూడేండ్ల దాక జైలు, కోటి దాక జుర్మానా. మా బామ్మర్ది ఫోన్ల ఆ యాప్ తెరిస్తే ఇప్పుడు ఆట రాదు. వాడేమో "గవర్మెంటు నా నోటికాడి కూడు గుంజుకున్నది" అంటడు.

గుణుపురం గుంటడు · ఆదివారం మధ్యాహ్నం 2:10

ఒక్క మాట. ఆ చట్టం మా ఆటలకి కాదు. పందెం ఏసి గెలుసుకునేవి వేరు, ఈ-స్పోర్ట్స్, ఊరికే ఆడుకునేవి వేరు అని చట్టంలోనే విడదీసారు. మా బాబాయ్ పేపర్లో సూసి "నీది బేన్ అయిపోయిందిరా" అని స్వీట్లు పంచేసాడు. ఛెనాపొడ తిన్నాక సెప్పాను.

వైండింగ్ నాన్న (రాయగడ) · ఆదివారం రాత్రి 9:58

ఇవాళ షాపు మధ్యాహ్నం దాకే. ఇంటికొచ్చి, అప్ప గారి మాట గుచ్చుకుంది కాబట్టి, కుక్కర్ దగ్గర నిలబడ్డాను. ఆరు కూతలకి దించాను. నాలుగుకే దించాలట. పప్పు అంబలైపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు, వడ్డించేటప్పుడు గరిటె బదులు గ్లాసు తెచ్చింది.

ఇంకో సంగతి గమనించాను. మావాడు ఇంట్లో నేను తెలుగులో పిలిస్తే ఒడియాలో జవాబిస్తాడు. "రారా" అంటే "ఆసుచి" అంటాడు. "స్నానం చెయ్యి" అంటే "హఉ". వాడి స్నేహితులంతా ఒడియా పిల్లలు, బడి ఇంగ్లీషు, ఇంట్లో మాకూ అలవాటైపోయింది. కానీ మెట్ల కింద హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు మాత్రం గడగడా తెలుగు మాట్లాడుతున్నాడు! ఎవరితోరా అని అడిగాను. ఒకడిది కడప, ఒకడిది కరీంనగర్, ఒకడిది గాజువాక. ముగ్గురినీ ఎప్పుడూ చూడలేదు. మొహాలు తెలీవు, గొంతులే.

పక్కన కూర్చుని విన్నాను. కడప పిల్లాడు "యాడికి పోతాండావ్ రా" అంటాడు. కరీంనగర్ వాడు "గటు గాదు, ఇటు రా" అంటాడు. గాజువాకవాడు "ఎల్లిపోనాడు, ఎల్లిపోనాడు" అంటాడు. మావాడు ఈ మూడూ కలిపి, మధ్యలో ఒడియా "అరే భాయ్, రుహ" వేసి నాలుగోది మాట్లాడుతున్నాడు. నలభై నాలుగేళ్ళలో నేను వినని తెలుగు అది. బూతులు కూడా ఉన్నాయి, లేవనను. నన్ను చూసి వాడు మ్యూట్ నొక్కాడు.

టీవీ, ఫోను అని నిన్న రాసినప్పుడు ఈ సంగతి నాకు తెలీదు.

(కేబుల్ బావా, మిక్సీ సంగతి: ఉత్తిగా తిప్పినా వాసన వస్తోందా, రుబ్బితేనే వస్తోందా? కింద కార్బన్లు, అదే మోటారుకి కరెంటు అందించే బొగ్గు ముక్కలు, చూడు.)

బరంపురం అప్ప · ఆదివారం రాత్రి 10:30

అయితే మీవాడికి తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. మా దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లలంతా ఇంతే. గలగలా మాట్లాడతారు. బస్సు బోర్డు ఇచ్ఛాపురం అని తెలుగులో ఉంటే మాత్రం ఒడియా బోర్డు కోసం చూస్తారు. ఒడియా అక్షరాలూ మనవీ గుండ్రమే, అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే "కొంచెం తెలిసినట్టే ఉంది" అని నేర్చుకోరు.

ఆటలో వాడి పేరు ఏమని పెట్టుకున్నాడో అడగండి. ఇంగ్లీషులో ఏదో ఉంటుంది, అటూ ఇటూ కత్తులు, పుర్రెలు. తెలుగులో పెట్టుకోమనండి. మా అక్క కొడుకు అలాగే పెట్టుకున్నాడు. రాయడానికి మూడు రోజులు తిప్పలు పడ్డాడు, ఒత్తు ఎక్కడ కొట్టాలో తెలీక.

బెంగ పడటానికి ఏది హద్దు అని కూడా అడుగుతున్నారు చాలామంది తల్లులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ అని ఉంది, 2022 జనవరి నుంచి అమలు. ఎక్కువ ఆడితే జబ్బని కాదు అందులో. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండి, నిద్ర, చదువు, స్నేహితులు అన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళకి కనబడుతున్నా మానకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం. మీవాడు పప్పు అంబలి తాగాడా లేదా? తాగితే పర్లేదు. బుల్లిదాని సంగతి చూడండి ముందు. బొమ్మలు మంచం కింద పెట్టి బొమ్మల వీడియో చూడటం నాకు ఎక్కువ భయం.

పర్లాకిమిడి పాతమనిషి · సోమవారం ఉదయం 5:55

గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊరి బళ్ళో పాఠాలు చెప్పారు. వాడుక భాష కావాలని జీవితమంతా పోట్లాడారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. ప్రతి ఏడూ ఆ రోజు నేను ఉపన్యాసం ఇస్తాను, పదకొండుమంది వస్తారు, అందులో నలుగురు మా ఇంటివాళ్ళు.

"గటు గాదు, కవర్ ఇయ్యి, ఎల్లిపోనాడు" అనేది కూడా వాడుక భాషే అవుతుందా అని రాత్రంతా ఆలోచించాను. పంతులు గారు సవర గిరిజనుల మధ్యకి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకున్న మనిషి. ఆయనైతే ముందు ఆ హెడ్‌సెట్ అడిగి తీసుకుని ఉండేవారు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ) · సోమవారం ఉదయం 7:12

తాతా, నువ్వు ఒకసారి స్క్వాడ్‌ల చేరు. నీ పేరు "గ్రాంథికం కిల్లర్" అని పెడదాం.

వైండింగ్ నాన్న (రాయగడ) · మరుసటి వారం గురువారం రాత్రి 11:20

పది రోజులైంది, చాలామంది ఏమైందని అడుగుతున్నారు.

షాపుకి ఒకాయన పాత వీడియో గేమ్ డబ్బా తెచ్చాడు, అడాప్టర్ కాలిపోయిందని. నా చిన్నప్పుడు స్టేషన్ రోడ్డులో ఒక షాపుండేది, పది నిమిషాలకి రూపాయి. బడికి అని బయల్దేరి అక్కడ తేలేవాణ్ణి. మా నాన్న బెల్టుతో వచ్చింది కూడా అక్కడికే. ఆ సంగతి మొదటి పోస్టులో ఎందుకు రాయలేదంటే, రాయలేదంతే.

బాగుచేసి ఒక రాత్రికి ఇంటికి తెచ్చాను. క్యాసెట్ పెడితే కాంట్రా, మా కాలం తుపాకీ ఆట. మావాడు నవ్వాడు, "ఇదేంటి నాన్నా, మనుషులు ఇటుకలతో కట్టినట్టున్నారు" అని. నేను రిమోట్ పట్టుకుని పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ నొక్కాను. ముప్పై ప్రాణాలు. ముప్పై ఏళ్ళైంది, బుర్రకి గుర్తు లేదు, బొటనవేలికి ఉంది. వాడు నోరు తెరిచాడు. "నీకు చీట్ కోడ్ వచ్చా?!" అన్నాడు, తెలుగులో. ఇద్దరం కూర్చున్నాం. ముప్పై ప్రాణాలూ జలపాతం దగ్గరే పోగొట్టుకున్నాను. అరగంటకి వాడు "బాగుంది నాన్నా" అని లేచి మెట్ల కిందకి పోయాడు. నాకు జ్ఞానోదయమో, వాడికి మారుమనసో అయిందని రాస్తే అబద్ధం.

తుపాకీ రంగు డబ్బులు వారానికి వంద చొప్పున వాడి ఖర్చుల్లోంచి కోస్తున్నాను. ఆదివారం షాపుకొచ్చి మాడిన కాయిల్స్ నుంచి రాగి తీగ పీకుతున్నాడు. మొదటిరోజు వేళ్ళు కోసుకుంది. పేరు ఇంకా ఇంగ్లీషులోనే ఉంది, పుర్రెతో సహా. తెలుగులో రాయమంటే 'ళ' దగ్గర ఆగిపోయాడు, ఒడియాలోలా రాస్తున్నాడు. చిట్టిదానికి ఫోను ఆపేశాం. దాని కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, నా చెప్పు ఒకటి దాచేసింది.

ఇవన్నీ చెప్పడానికి కాదు ఈ పోస్టు. మొన్న ఒక రాత్రి కరెంటు పోయింది. సీరియల్ ఆగిపోయింది. అమ్మకి తోచక, దీపం పట్టుకుని మెట్ల కిందకి వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. హెడ్‌సెట్ ఛార్జింగ్ అయిపోయి స్పీకర్లో పెట్టాడు వాడు. కడప పిల్లాడి గొంతు వినబడింది, "నేను చచ్చినా రా" అని. అమ్మ ఉలిక్కిపడి ఫోను మీదకి వంగి "అయ్యో అవేం మాటలు బాబూ, అన్నం తిన్నావా?" అంది.

రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఆ పిల్లాడు చాలా బుద్ధిగా "తిన్లేదవ్వా, ఈ మ్యాచ్ అయినాక తింటా" అన్నాడు. కరీంనగర్ వాడు "అమ్మమ్మా, నేను తిన్న" అన్నాడు. గాజువాకవాణ్ణి ఏం కూర అని అడిగింది. వంకాయట. పోపులో ఏమేశారని మొదలుపెట్టింది. ఈలోగా నలుగురూ ఆటలో చచ్చిపోయారు. మావాడు తల పట్టుకున్నాడు.

ఇప్పుడు రోజూ మ్యాచ్ ముందు ఆ ముగ్గురూ "మామ్మ తిందా?" అని అడుగుతున్నారట. మావాడు హాల్లోకొచ్చి అడిగి వెళ్ళాల్సి వస్తోంది. తెలుగులోనే అడుగుతున్నాడు, ఆవిడకి ఒడియా సరిగ్గా వినబడదని వంక పెడుతుంది కాబట్టి.

గుణుపురం గుంటడు · గురువారం రాత్రి 11:41

మామ్మగారి ఐడీ ఏటి అంకుల్? మా స్క్వాడ్‌లో ఒకలు తక్కువున్నారు.

కేబుల్ బావ (జయపురం) · గురువారం రాత్రి 11:58

అన్నా, కార్బన్లు చూశాను, రెండూ అరిగి గోరంతైనాయి. ఉత్తిగా తిప్పినా వాసన వస్తోంది.

వైండింగ్ నాన్న (రాయగడ) · శుక్రవారం ఉదయం 6:30

అయితే ఆర్మేచర్, అదే మోటార్లో తిరిగే తీగచుట్ట, కూడా మాడి ఉంటుంది బావా. బస్సులో పంపించెయ్. ఆదివారం చేరేలా పంపు, తీగ పీకడానికి మనిషి ఉన్నాడు.